అతుకు వారోత్సవాలు

రాష్ట్ర సైకిలు క్రీడల ప్రోత్సాహక సంస్థ ప్రారంభోత్సవం నాడు ఒక సైకిలు టైరు మలుపు దగ్గర ఊడి, గాల్లోకి లేచి, వేదిక మీద కూర్చున్న ముఖ్య అతిథి గారి మెడలో పడింది. అప్పటికే ఆయన మెడలో ఏడు దండలున్నాయి. ఎనిమిదోది కూడా దండేననుకుని ఆయన చేతులు జోడించి అటూ ఇటూ తిరిగారు. జనం చప్పట్లు కొట్టారు. అది దండ కాదని మొదట గుర్తుపట్టినవాడు సంస్థ సాంకేతిక సహాయకుడు దాసరి ఓదెలు. ఎందుకంటే ఆ టైరుకు జిగురు పూసింది అతనే.

ఆ సైకిలు మీదున్న బానోతు జమున కింద పడి మోచేయి గీరుకుంది. లేచి దుమ్ము దులుపుకుని, ఓదెలు దగ్గరకొచ్చి మెల్లగా అన్నది. "అన్నా, నువ్వు పొద్దున చెప్పినదే అయింది."

ఓదెలు పొద్దున చెప్పిన మాటేమిటంటే జిగురు ఆరలేదని. ఈ పందెపు సైకిళ్ల టైర్లు మామూలు టైర్లు కావు. ట్యూబును లోపల పెట్టి గొట్టంలా కుట్టేస్తారు. రిమ్ముకు అంచులుండవు. టైరును రిమ్ముకు పట్టి ఉంచేది జిగురొక్కటే. రిమ్ముకో పూత, టైరుకో పూత, ఒకరోజు ఆరబెట్టాలి. మళ్లీ పూత, మళ్లీ ఒకరోజు. మూడో పూత తడిగా ఉన్నప్పుడు టైరు ఎక్కించి ఇంకో రెండురోజులు కదపకూడదు. మొత్తం నాలుగు రోజుల పని. సంచాలకులు పురుషోత్తం గారు ఆ టైర్లను ప్రారంభోత్సవం నాటి పొద్దున ఎనిమిదింటికి ఓదెలు చేతికిచ్చి, ప్రోగ్రాం పదకొండింటికన్నారు.

"నాలుగు రోజులు పడుతది సార్."

"ముఖ్య అతిథి నాలుగు రోజులు కుర్చీలో కూర్చుంటారా? ఫ్యాను పెట్టవయ్యా."

ఓదెలు ఫ్యాను పెట్టాడు. అతను పెద్దల మాట జవదాటే మనిషి కాదు. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివినవాడు, నౌకరీలో చేరినవాడు అతనొక్కడే. తండ్రి గట్టయ్యకు బస్టాండు పక్కన పంక్చర్ల దుకాణం. రసాయనశాస్త్రంలో కొడుకు తెచ్చుకున్న పట్టాను గట్టయ్య దుకాణంలోనే, గాలి పంపు పైన, చట్రం కట్టించి పెట్టాడు. టైరు విప్పించుకోవడానికి వచ్చినవాళ్లంతా దాన్ని చదివి వెళ్తుంటారు.

మర్నాడు సంస్థలో ఉత్తర్వు వెలువడింది. "సదరు దురదృష్టకర సంఘటనను తీవ్రంగా పరిగణించిన మీదట, ఇకపై సంస్థ ఆవరణలో ఏ టైరూ, ఏ పరిస్థితిలోనూ, ఎవరి అనుమతి ఉన్నప్పటికీ, ఊడరాదని ఆదేశించడమైనది. అతుకు ధ్రువీకరణ పత్రం లేని చక్రమును సైకిలుకు బిగించరాదు. తగిన జిగురును ఎంపిక చేయు నిమిత్తం ఒక కమిటీని నియమించడమైనది."

ఉత్తర్వు చదివి జమున గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. జాతీయ శిబిరానికి ఎంపిక పోటీ ఇంకా నలభై రోజుల్లో ఉంది. ఎనభై కిలోమీటర్ల రోడ్డు పందెం. మొదటి అయిదుగురికి శిబిరంలో చోటు. వచ్చే ఏడాది పోటీ నాటికి ఆమె వయసు పరిమితి కంటే ఒక నెల ఎక్కువైపోతుంది. అంటే మిగిలింది ఈ ఒక్కసారే.

"నలభై దినాలంటే మస్తు టైమున్నది గద అన్నా."

"మస్తున్నది," అన్నాడు ఓదెలు. అప్పటికి అతనికి కమిటీల సంగతి తెలియదు.

కమిటీ మొదటి సమావేశానికి పురుషోత్తం గారు అధ్యక్షత వహించారు. ఓదెలు నోట్‌బుక్ పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఆ నోట్‌బుక్‌లో అతని సొంత పరిశోధన ఉంది. ప్రారంభోత్సవానికి ముందే మూడు రకాల జిగుర్లు తెచ్చి, డాబా మీద, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, వారం రోజులు పరీక్షించాడు. మొదటిది ఎండకు బెల్లంపాకంలా కారిపోయింది. రెండోది అప్పడంలా పెళుసెక్కి పగిలింది. మూడోది, ఎర్రమూత డబ్బాలోది, ఎండలో కూడా పట్టు వదల్లేదు. బొటనవేళ్లు రెండూ ఆనించి ఒకచోట గట్టిగా దొర్లిస్తే మాత్రం, అక్కడినుంచి లేచి వచ్చింది.

"నా నోట్‌బుక్‌ల రాసిన సార్," అని ముందు పెట్టాడు.

పురుషోత్తం గారు దాన్ని తెరవకుండానే ఆప్యాయంగా తట్టారు. "ఫైలుకు జతపరచండి."

తరవాత సభ్యులు మాట్లాడారు. ప్రచార శాఖ నుంచి వచ్చిన సభ్యుడు మైదాపిండి గంజిని సిఫారసు చేశాడు. పదేళ్ల కిందటి ఎన్నికల పోస్టర్లు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయని, అభ్యర్థులు పార్టీలు మారినా పోస్టర్లు మారలేదని సాక్ష్యం చూపాడు. దంత వైద్య కళాశాల నుంచి వచ్చినాయన, కట్టుడుపళ్లకు వాడే బంక చెరుకుగడను కూడా తట్టుకుంటుందన్నాడు. పురావస్తు శాఖాయన పూర్వీకులు కోట గోడలకు కరక్కాయ నీళ్లు, బెల్లం, కోడిగుడ్డు సొన కలిపి వాడారని, ఆ కోటలకు ఇంతవరకు పంక్చరు పడలేదని చెప్పాడు. అందరూ తలలూపారు.

"మరి సాంకేతిక సహాయకుడి అభిప్రాయం?" అన్నారు సంచాలకులు, మర్యాద కోసం.

ఓదెలు గొంతు సవరించుకున్నాడు. "సార్, జిగురు గట్టిగ పట్టాలె. నిజమే. కానీ పందెంల పంక్చరైతే రోడ్డు మీదనే టైరు ఊడదీసి ఇంకోటి ఎక్కియ్యాలె సార్. గందుకే అవసరం పడ్డప్పుడు ఊడాలె గూడ."

పురుషోత్తం గారు చేతిలోని కలం కింద పెట్టారు.

"ఊడాలా?" అన్నారు.

"అవసరం పడ్డప్పుడు సార్."

"చూడవయ్యా. టైరు అతుక్కోవాలా, ఊడాలా? రెండింట్లో ఒకటి చెప్పు. మినిట్స్‌లో రెండూ రాస్తే రేపు పైవాళ్లు మమ్మల్నడుగుతారు."

"రెండు గూడ సార్."

"ఇతను అలిసిపోయినట్టున్నాడు," అన్నారు సంచాలకులు. దంతవైద్యుడు ఓదెలు వైపు జాలిగా చూశాడు.

కమిటీ తొమ్మిది రోజులు చర్చించి, ఓడల అడుగున చిల్లులు పూడ్చడానికి వాడే జిగురును ఏకగ్రీవంగా ఎంపిక చేసింది. సంస్థకు సముద్రం మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉండటం దీనికి అడ్డు కాదని తీర్మానంలో ప్రత్యేకంగా రాశారు.

ధ్రువీకరణ అధికారిగా డాక్టర్ భూమానందం వచ్చాడు. ఆయన వైద్యుడు కాదు. సర్కారు ఫారాల్లో నింపకుండా వదిలేసే గడుల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నవాడు. సన్నగా, నిటారుగా, గీత గీసినట్టుంటాడు. నోటి నుంచి అబద్ధం రాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. అతుకు ధ్రువీకరణ పత్రాన్ని ఆయనే తయారుచేశాడు. అందులో నాలుగు గడులు. ఒకటి, టైరు పరీక్షించడమైనదా? రెండు, ఊడినదా? మూడు, ఊడని యెడల, లోపల జిగురు కలదని కంటితో చూచి నిర్ధారించినారా? నాలుగు, సంతకం.

సంస్థలో పందెపు చక్రాలు నాలుగు జతలున్నాయి. మొదటి జతకు ఓడ జిగురు పూశారు. అయిదోరోజు భూమానందం టైరు పట్టుకుని లాగాడు. రాలేదు. ఇద్దరు వాచ్‌మెన్లను, జీపు డ్రైవరును పిలిచి లాగించాడు. రాలేదు. నలుగురూ కలిసి కాళ్లు తన్నిపెట్టి లాగితే రిమ్ము జంతికలా వంకర తిరిగి, పుల్లలు టప్‌టప్‌మని తెగి, నలుగురూ వెనక్కి పడ్డారు. టైరు మాత్రం రిమ్మును వదల్లేదు. రెండో చక్రానికీ అదే గతి.

"చూసిండ్రా సార్, ఊడలే!" అన్నాడు డ్రైవరు గర్వంగా, నడుం పట్టుకుని.

భూమానందం ఫారం తీశాడు. "రెండో గడికి, ఊడలేదు. మంచిది. మూడో గడి, లోపల జిగురు కంటితో చూచినారా? ఊడనిదే లోపల ఎట్లా చూస్తాం? చూడనిది చూశానని రాయను. ధ్రువీకరణ నిరాకరించడమైనది."

"జిగురు లేకుంటే ఎట్ల పట్టుకుంటది సార్?" అన్నాడు ఓదెలు.

"అది అనుమానప్రమాణం. మా ఫారంలో ప్రత్యక్షప్రమాణానికే గడి ఉంది."

రెండో జతకు ఓదెలు అనుమతి తీసుకుని ఎర్రమూత జిగురు పూశాడు. నాలుగు రోజులు ఆరబెట్టాడు. భూమానందం, వాచ్‌మెన్లు, డ్రైవరు మళ్లీ వరుసకట్టారు. ఈసారి కాసేపటికి టైరు ఒకచోట లేచి, అక్కడినుంచి చరచరా ఊడి వచ్చింది. లోపల గోధుమరంగు జిగురు, రిమ్ము చుట్టూ సమానంగా, అందంగా కనిపించింది. భూమానందం వంగి, కళ్లద్దాలు సవరించుకుని, మెచ్చుకోలుగా చూశాడు.

"మూడో గడి, జిగురు కలదు. సంతృప్తికరం. రెండో గడి..." అని ఆగాడు. ఆయన ముఖంలో నిజమైన విచారం కనబడింది. "ఊడినది. ధ్రువీకరణ నిరాకరించడమైనది."

"నలుగురు మనుషులు గుంజితే ఊడింది సార్! సైకిలు మీదికెళ్లి టైరును ఎవరు గుంజుతరు?"

"పరీక్షించకుండా పత్రమెట్లా ఇస్తాం?"

"పరీక్ష జేసినంక మళ్ల నాలుగు దినాలు ఆరబెట్టాలె గద సార్."

"ఆరబెట్టు. ఆరిన తరవాత వచ్చి పరీక్షిస్తాం."

ఓదెలు ఆలోచించాడు. అతికిస్తే ఊడదీస్తారు. ఊడదీస్తే అతికించాలి. ఊడితే అతకనట్టు. ఊడకపోతే అతికినట్టు సాక్ష్యం లేనట్టు. చదువుకున్న రసాయనశాస్త్రమంతా వెతికినా దీనికి ద్రావకం దొరకలేదు.

ఈ విధంగా రెండో జత టైర్లు మూడుసార్లు అతుక్కుని మూడుసార్లు ఊడాయి. మూడోసారి టైరు కుట్లు కూడా విడిపోయాయి. మూడో జతను భూమానందం సెలవులో ఉన్నప్పుడు పురుషోత్తం గారు స్వయంగా పరీక్షించి, వంకర చేసి, "మంచి దృఢమైన జిగురు" అని అభినందించి వెళ్లారు. మిగిలింది ఒక్క జత. దినాలు పది.

జమున చక్రాల్లేని సైకిలును ఒక బల్లకు బిగించి, పెడళ్లు తొక్కుతూ సాధన చేస్తోంది. దారిన పోయేవాళ్లు కిటికీలోంచి చూసి, ఎటు పోతున్నావని అడిగేవాళ్లు. "ఢిల్లీకి," అనేది ఆమె, చెమట తుడుచుకుంటూ. ఓదెలు కనబడితే మాత్రం ఏమీ అడిగేది కాదు. ఆ అడగకపోవడమే అతన్ని ఎక్కువ పొడిచింది.

ఆదివారం అతను తండ్రి దుకాణానికి వెళ్లి, ముక్కాలిపీట మీద కూర్చుని కథంతా చెప్పాడు. గట్టయ్య ఒక ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ విన్నాడు.

"గిదేం పరీక్షరా? అన్నం ఉడికిందా అని కుండ పలగ్గొడ్తరా ఎవలన్న?"

"వాళ్ల ఫారంల గట్లనే ఉన్నది నాయినా."

"నా దుకాణంల అందరు అన్ని ముట్టుకుంటరు. పంపు ముట్టుకుంటరు, పాన ముట్టుకుంటరు." గట్టయ్య తడిచేత్తో గోడ వైపు చూపించాడు. "ఎవలు ముట్టనిది గదొక్కటే. ఆరేండ్లయింది అద్దంల బెట్టి. దుమ్ము తుడువబోతే గూడ, ఏయ్ గట్టయ్యా పైలం, అంటరు."

ఓదెలు తలెత్తి చట్రంలోని తన పట్టాను చూశాడు. చాలాసేపు చూశాడు. గట్టయ్య, కొడుక్కి చదువు మీద మళ్లీ మనసు పుట్టిందేమోననుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఓదెలు సంచాలకుల గదికి వెళ్లాడు. సంస్థ పేరు పత్రికల్లో చెడుతోందని పురుషోత్తం గారు దిగులుగా ఉన్నారు. ప్రారంభోత్సవం తరవాత సంస్థ నుంచి ఒక్క సైకిలు కూడా గేటు దాటలేదని ఎవరో రాశారు.

"సార్, జనానికి మన కమిటీ చేసిన కృషి తెలుస్తలేదు సార్. ఒక ప్రదర్శన పెడితే బాగుంటది. గాజుపెట్టెల ఒక జత చక్రాలు, నమూనాగా అతికిచ్చి, లైట్లు పెట్టి..."

పురుషోత్తం గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. ఉత్సవం అనే మాట వినగానే ఆయనకు ఎప్పుడూ వచ్చే వెలుగే అది.

"ప్రదర్శన కాదయ్యా. వారోత్సవాలు! అతుకు వారోత్సవాలు!"

అలా మొదలయ్యాయి. మొదటిరోజు అతుకు ప్రతిజ్ఞ. ఉద్యోగులందరూ కుడిచేయి చాచి, తమ కుర్చీలకు, విధులకు అంటిపెట్టుకుని ఉంటామని ప్రమాణం చేశారు. రెండోరోజు అతుకు ర్యాలీ. చక్రాలకు ధ్రువీకరణ లేదు కాబట్టి క్రీడాకారులు సైకిళ్లను భుజాన వేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచారు. మూడోరోజు బడిపిల్లలకు వ్యాసరచన పోటీ. ఊరంతా మైదాపిండి గంజితో పోస్టర్లు అతికించారు. ఆ సాయంత్రం గాలివాన వచ్చి పోస్టర్లన్నీ ఊడిపోయాయి. ప్రచార శాఖ సభ్యుడు గాలికి ధ్రువీకరణ లేదని తోసిపుచ్చాడు.

ఈ హడావుడిలో ఓదెలును ఎవరూ పట్టించుకోలేదు. అతను తలుపు వేసుకుని చివరి జత చక్రాలకు ఎర్రమూత జిగురు పూశాడు. పలచగా పూత, ఒకరోజు. మళ్లీ పూత, ఒకరోజు. మూడో పూత మీద టైరు ఎక్కించి, చుట్టూ బొటనవేళ్లతో అదిమి, వంకర లేకుండా కుట్టు మధ్యలోకి వచ్చేలా సర్దాడు. అయిదోరోజు వాటిని గాజుపెట్టెలోకి చేర్చి తాళం వేశారు. పైన ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టారు. ప్రదర్శన వస్తువు. ముట్టరాదు.

భూమానందం వచ్చాడు. అలవాటు కొద్దీ చేతులు చాచాడు. బోర్డు చదివి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వీటికి ధ్రువీకరణ?"

"ప్రదర్శన వస్తువుకు ధ్రువీకరణ వర్తించదు సార్. సంచాలకులు రాసిచ్చిండ్రు," అన్నాడు ఓదెలు, కాగితం చూపిస్తూ. భూమానందం కాగితం రెండుసార్లు చదివాడు. అందులో నింపని గడి ఒక్కటీ లేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, గాజు మీద తన వేలిముద్ర పడితే రుమాలుతో తుడిచి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది ఒక అర్జీ. అబద్ధం రాయడం ఓదెలుకు రాదు. చెప్పకుండా తీసుకుపోవడం అంతకంటే రాదు. అందుకని అన్నీ నిజాలే రాశాడు. "అతుకు వారోత్సవాల ముగింపు సందర్భముగా, ప్రదర్శన వస్తువును గ్రామీణ ప్రజల దర్శనార్థం ఎనభై కిలోమీటర్ల మేర ఊరేగించుటకు అనుమతి కోరడమైనది. తరలించు సాధనం, సైకిలు. తరలించు వ్యక్తి, కుమారి బానోతు జమున. మార్గం, జాతీయ శిబిర ఎంపిక పోటీ జరుగు రహదారి. తేదీ, అదే. వేగం, గంటకు ముప్పై ఏడు కిలోమీటర్లు."

పురుషోత్తం గారు చదువుతూ ఒకచోట ఆగారు.

"వేగమెందుకయ్యా అంత?"

"ఎక్కువ మంది చూడాలె గద సార్."

"నిజమే. ఎనభై కిలోమీటర్లు ఎందుకు? నూరు చేయరాదూ?"

"రోడ్డు ఎనభై దగ్గర అయిపోతది సార్."

ఆయన సంతకం చేసి, కింద ఒక వాక్యం చేర్చారు. "విలువైన ప్రదర్శన వస్తువు అగుటచే, వెంట ఒక బాధ్యత గల అధికారి ఉండవలెను." ఆ విధంగా భూమానందం పందేనికి వచ్చాడు.

పందెం రోజు పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. వివిధ జిల్లాల నుంచి అరవైమంది అమ్మాయిలు గీత దగ్గర నిలబడ్డారు. జమున జీను కింద ఒక విడి టైరు మడిచి కట్టి ఉంది. దానికీ ఓదెలు ముందే పూత పూసి ఆరబెట్టాడు.

"పంక్చరైతే ఎట్ల చెయ్యాలె?" అన్నాడు ఓదెలు.

"వాల్వుకు ఎదురుంగ బొటనవేళ్లు పెట్టి దొర్లియ్యాలె. ఎన్నిసార్లు చెప్పిస్తవన్నా, నోటికొచ్చింది."

"ఎక్కిచ్చినంక?"

"కొత్త టైరు సగం పట్టే పడ్తది. మలుపుల పైలం."

వెనక జీపులో డ్రైవరు, ఓదెలు, భూమానందం కూర్చున్నారు. భూమానందం ఒళ్లో "ముట్టరాదు" బోర్డు. వస్తువు ఎక్కడుంటే బోర్డు అక్కడ ఉండాలని ఆయన నియమం.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర రోడ్డు మీద తుమ్మకంపలు పడి ఉన్నాయి. జమున వెనక చక్రం బుస్సుమంది. గుంపు ముందుకు వెళ్లిపోయింది. ఆమె దిగి, చక్రం విప్పి, వాల్వుకు ఎదురుగా రెండు బొటనవేళ్లు ఆనించింది.

"ఆగు!" భూమానందం జీపులోంచి దూకాడు, బోర్డు పైకెత్తి. "ముట్టరాదు! ప్రదర్శన వస్తువు! నిబంధనలకు విరుద్ధం!"

జమున తలెత్తలేదు. మోకాళ్ల మధ్య చక్రం బిగించి, పళ్లు కొరికి దొర్లించింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఓదెలు జీపు తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నలుగురు మనుషులు కాళ్లు తన్నిపెట్టి లాగితే వచ్చిన టైరు, ఈ పిల్ల బొటనవేళ్లకు వస్తుందా?

వచ్చింది. ఎక్కడ ఆనించాలో తెలిసిన వేళ్లకు అది ఒకచోట మెత్తగా లేచి, అక్కడినుంచి చుట్టూ ఒలుచుకుంటూ వచ్చేసింది.

"సార్, గట్ల నిలవడకుండ్రి. జర గీ పంపు కొట్టుండ్రి," అన్నది జమున, కొత్త టైరు ఎక్కిస్తూ.

భూమానందం జీవితంలో ఎవరూ ఆయనకు పని చెప్పలేదు. ఆయన బోర్డును పక్కన పెట్టి, రోడ్డు మీద గొంతుకూర్చుని, చొక్కా తడిసేలా పంపు కొట్టాడు. టైరు సర్దబోయి వేళ్లకు జిగురు అంటించుకున్నాడు. మూడు నిమిషాల్లో జమున మళ్లీ సైకిలు మీదుంది. గుంపు కనుచూపు మేరలో లేదు.

ఆ తరవాతి అరవై కిలోమీటర్లు జీపు ఆమె వెనకే సాగింది. ఆమె ఒక్కొక్కరినీ దాటుతుంటే డ్రైవరు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. వేళ్లు చాలక భూమానందం వేళ్లు అరువడిగాడు. ఆయన వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండటంతో లెక్క తప్పింది. డెబ్భై ఎనిమిదో కిలోమీటరు దగ్గర, బస్సు డిపో మలుపు ముందు, ఆమె ఏడో స్థానంలో ఉంది.

అది ఒక్కసారిగా తిరిగే మలుపు. ముందున్న ఆరుగురూ బ్రేకులు వేశారు. ఓదెలు కళ్లు మూసుకున్నాడు. సగం పట్టు. కాగుతున్న రోడ్డు. ప్రారంభోత్సవం నాటి టైరు గాల్లో తిరుగుతూ అతనికి మళ్లీ కనిపించింది.

"ఊడలేదు," అన్నది పక్కనుంచి భూమానందం గొంతు. "ఓదెలూ, ఊడలేదయ్యా! నేను కంటితో చూశాను!"

జమున మలుపులో ముగ్గురిని దాటి నాలుగో స్థానంలో గీత దాటింది.

అదే సమయంలో సంస్థలో వారోత్సవాల ముగింపు సభ జరుగుతోంది. ముఖ్య అతిథి గారు పట్టుతెర లాగితే గాజుపెట్టె ఖాళీగా ఉంది. పురుషోత్తం గారు మైకు అందుకుని, నిజమైన అతుకు కంటికి కనబడదని చెప్పారట. అయిదు నిమిషాలు చప్పట్లు కొట్టారని మర్నాడు పత్రికలో వచ్చింది. ముఖ్య అతిథి గారు ఈసారి మెడలో పడిన ప్రతి దండనూ తడిమి చూసుకున్నారన్నది మాత్రం పత్రికలో రాలేదు.

భూమానందం ధ్రువీకరణ పత్రం నింపాడు. ఊడినదా? అవసరమైనప్పుడు ఊడినది, అవసరం లేనప్పుడు ఊడలేదు. అంత వాక్యం గడిలో పట్టక అంచులు దాటింది. ఆయన ఉద్యోగ జీవితంలో గడి దాటి రాయడం అదే మొదటిసారి. సంతకం చేసి కాగితం ఇవ్వబోతే అది ఆయన బొటనవేలికి అంటుకుని రాలేదు. "అతుకు నిర్ధారణ అయినది," అన్నాడు, తనలో తాను నవ్వుకుంటూ.

పదిరోజుల తరవాత శిబిరం నుంచి జమున ఫోను చేసింది. "అన్నా, ఈడ అందరు నా టైర్లు జూసి, ఎవలు అతికిచ్చిండ్రని అడుగుతుండ్రు. మా అన్న అని జెప్పిన."

"మంచిగ తొక్కు," అన్నాడు ఓదెలు.

ఫోను పెట్టేసేసరికి సంచాలకుల నుంచి పిలుపు. కమిటీ భూమానందం నివేదికను కూలంకషంగా అధ్యయనం చేసింది. తీర్మానాన్ని పురుషోత్తం గారు గట్టిగా చదివి వినిపించారు. "సంస్థ చరిత్రలో ఎంపికైన ఏకైక క్రీడాకారిణి పద్దెనిమిదో కిలోమీటరు వద్ద టైరు మార్చినట్లు తేలినందున, ఇకపై సంస్థ తరఫున పోటీకి వెళ్లు ప్రతి క్రీడాకారుడు పద్దెనిమిదో కిలోమీటరు వద్ద విధిగా పంక్చరు కావలెను. ఇందుకు తగిన ముల్లును ఎంపిక చేయు నిమిత్తం ఒక కమిటీని నియమించడమైనది."

కాగితం కింద పెట్టి ఆయన కళ్లద్దాల మీదుగా చూశారు. "నువ్వు సాంకేతిక మనిషివి. ముల్లు గుచ్చుకోవాలా, గుచ్చుకోకూడదా? రెండింట్లో ఒకటి చెప్పు."

ఓదెలు కిటికీలోంచి చూశాడు. స్టోరు గదిలో వచ్చే ఏడాది పోటీకి మరో ఇద్దరు పిల్లలు చక్రాల కోసం ఎదురుచూస్తున్నారు.

"సార్," అన్నాడు వినయంగా, "ముండ్ల వారోత్సవాలు పెడదామా?"

పురుషోత్తం గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన కళ్లలో వెలుగు వచ్చింది.

"గాజుపెట్టె ఖాళీగనే ఉన్నది సార్," అన్నాడు ఓదెలు. "రెండు జతల చక్రాలు పడుతయి."